పాత గేములు చేతికి ఎందుకు లొంగవు?

పేరున్న పాత వీడియో గేమ్ ఒకటి డౌన్‌లోడ్ చేసుకుని, పావుగంట ఆడి పక్కన పడేసేవాళ్లు చాలామందే. వాళ్ల మీద పడే తీర్పు కూడా సిద్ధంగానే ఉంటుంది: ఈ తరానికి ఓపిక లేదని. మరి 2022లో వచ్చిన 'ఎల్డెన్ రింగ్' అనే కష్టమైన గేమ్‌ని వందసార్లు చచ్చినా వదలకుండా ఆడుతున్నది ఎవరు? గ్రాఫిక్స్ నాసిగా ఉండటమూ అసలు కారణం కాదు. పాతకాలపు పిక్సెల్ బొమ్మలతో కొత్తగా వస్తున్న గేములకి అభిమానులకేం కొదవ లేదు. ముందుగా అడ్డం పడేది చేతుల అలవాటు.

1996 నాటి 'రెసిడెంట్ ఈవిల్' తీసుకోండి. పైబటన్ నొక్కితే పాత్ర తన ముఖం ఎటుంటే అటు నడుస్తుంది. ఎడమ, కుడి నొక్కితే ఉన్నచోటే తిరుగుతుంది. జాంబీ మీదికొస్తుంటే మనవాడు గోడని గుద్దుకుంటూ ఉంటాడు, చూసేవాళ్లకి ఒళ్లు మండుతుంది. అయితే అది తెలివితక్కువతనం కాదు. గదులన్నీ ముందే తయారుచేసి పెట్టిన స్థిర చిత్రాలు, కెమెరా కోణం ఠక్కున మారిపోతుంది. తెర దిశను బట్టి నడిపిస్తే, కోణం మారిన ప్రతిసారీ దిక్కులు తారుమారై, పారిపోయేవాడు తిరిగి జాంబీ చేతుల్లోనే పడతాడు. పైగా అప్పటి ప్లేస్టేషన్ ప్యాడ్‌కి అనలాగ్ స్టిక్కులే (బొటనవేలితో ఎటంటే అటు వంచే చిన్న పుల్లలు) లేవు.

దీనికి తిరగబడిన ఉదాహరణా ఉంది. 2000లో ప్లేస్టేషన్ మీద వచ్చిన 'ఏలియన్ రిసరెక్షన్' అనే షూటింగ్ గేమ్ ఎడమ స్టిక్‌తో నడక, కుడి స్టిక్‌తో చూపు అనే పద్ధతి పెట్టింది. గేములో అన్నిటికన్నా భయంకరమైనవి ఆ కంట్రోల్సే అని ఒక సమీక్షలో ఎద్దేవా చేశారు. మరుసటి ఏడాదే 'హేలో' వచ్చి దాన్ని అందరికీ అలవాటు చేసింది. ఇప్పుడు ఆ పద్ధతి లేని షూటింగ్ గేమ్ పట్టుకుంటే చేతులు కట్టేసినట్టుంటుంది.

ఇంకో చిక్కు, గేమ్‌లో కొంత భాగం తెర బయట ఉండేది. 1986లో మొదలైన 'జెల్డా'లో ఏ గోడకి బాంబు పెడితే దారి వస్తుందో, ఏ పొద కాలిస్తే మెట్లు బయటపడతాయో చాలాచోట్ల గుర్తే ఉండదు. గేమ్ పెట్టెలో ఎలా ఆడాలో చెప్పే పుస్తకం, మ్యాప్ వచ్చేవి. మిగతాది ఆడేవాళ్లు ఒకరికొకరు చెప్పుకునేవాళ్లు. అవేవీ లేకుండా ఒంటరిగా ఆడేవాడికి ఇది అన్యాయంగా అనిపిస్తే వింతేముంది? యూట్యూబ్‌లో చూస్తే జవాబు క్షణంలో దొరుకుతుంది కానీ, ఆ వెతుకులాటే గేమ్ కదా! టీవీ సంగతీ అంతే. 1991 నాటి 'సోనిక్'లో జలపాతాలను నిలువు గీతలుగా గీశారు. పాత టీవీలో అవి కలిసిపోయి అవతల ఉన్నది కనిపించే నీళ్లలా ఉండేవి. ఇప్పటి తెర మీద వట్టి చారలే.

అలాగని పాతదంతా కళే అనడం నాకు ఇష్టం లేదు. నాణెం వేసి ఆడే ఆర్కేడ్ మెషీన్లు ఆటగాణ్ణి తొందరగా చంపింది మరో నాణెం కోసమే. ఇంట్లో ఆడుకునే 'కాంట్రా: హార్డ్ కోర్' జపాన్ వెర్షన్‌లో మూడు దెబ్బలు తట్టుకోవచ్చు, అమెరికా వెర్షన్‌లో ఒక్క దెబ్బకే ప్రాణం పోతుంది. గేమ్ అదే, కష్టం మాత్రం మార్కెట్‌ని బట్టి.

అందుకే పాత గేములకి ఆటని వెనక్కి తిప్పే రివైండ్ బటన్, ఎక్కడంటే అక్కడ సేవ్ తగిలించి మళ్లీ అమ్మడం అన్నిచోట్లా ఒకేలా పనిచేయదు. 'కాంట్రా'లో రివైండ్ వాడితే కొంపలేం మునగవు. 'రెసిడెంట్ ఈవిల్'లో అలా కాదు. అక్కడ టైప్‌రైటర్ దగ్గరే, అదీ ఇంక్ రిబ్బన్ ఉంటేనే సేవ్ అవుతుంది, రిబ్బన్లేమో లెక్కగా దొరుకుతాయి. ఉన్న ఒక్కటీ ఇప్పుడే వాడేద్దామా, ఇంకో రెండు గదులు చూసొద్దామా అన్న టెన్షన్ మీదే ఆ గేమ్ నడుస్తుంది. దాన్ని తీసేయడం కంటే, నడక ఎందుకలా ఉందో మొదట్లోనే రెండు ముక్కల్లో చెప్పి, అప్పటి పుస్తకాన్ని మెనూలో కనిపించేలా పెడితే కొత్తవాళ్లకి ఎక్కువ పనికొస్తుంది.