డబుల్స్ ‘చేతకానివాళ్ల ఆట’ కాదు: ఒక వాట్సాప్ సందేశానికి జవాబు

బరంపురం, పర్లాకిమిడి, రాయగడ వైపు తెలుగు కుటుంబాల వాట్సాప్ గ్రూపుల్లో ఒక సందేశం తెగ తిరుగుతోంది. దాని సారాంశం: సింగిల్స్ చేతకానివాళ్లే డబుల్స్‌లోకి పోతారు, చివరికి ఏదో కాలేజీలో కోచ్‌గా మిగిలిపోతారు, అమెరికా కాలేజీలు డబుల్స్‌ను లెక్కచేయవు, కాబట్టి పిల్లల కోర్టు టైము దానికి తగలేయొద్దు. నాలుగు మాటలూ తప్పే.

మొదటిది, సింగిల్స్ చేతకాకపోవడం. అమెరికా ఆటగాడు కెన్ ఫ్లాక్ సంగతే చూడండి. ఎడ్వర్డ్స్‌విల్‌లోని సదరన్ ఇల్లినాయ్ యూనివర్సిటీ తరఫున 1981 నుంచి 1983 వరకు వరసగా మూడేళ్లు ఎన్‌సీఏఏ (అమెరికా కాలేజీ క్రీడల సంఘం) రెండో డివిజన్, అంటే రెండో అంచె కాలేజీల, సింగిల్స్ టైటిల్ ఆయనదే. ప్రొఫెషనల్ అయ్యాక కూడా సింగిల్స్‌లో ప్రపంచ ర్యాంకు 60 లోపుకి వెళ్లారు. ఆ మనిషే రాబర్ట్ సెగుసోతో కలిసి 1985 యూఎస్ ఓపెన్, 1987, 1988 వింబుల్డన్ డబుల్స్ గెలిచారు, 1988 సియోల్ ఒలింపిక్స్‌లో స్వర్ణం తెచ్చారు. 1993లో రిక్ లీచ్‌తో మరో యూఎస్ ఓపెన్. తన బలం ఎక్కడుందో గుర్తించి అటు మళ్లిన ఆటగాణ్ణి చేతకానివాడు అనడం అన్యాయం.

ఇక కోచ్‌గా ‘మిగిలిపోవడం’. ఫ్లాక్ 1997 నుంచి 2006 వరకు వాండర్‌బిల్ట్ యూనివర్సిటీ పురుషుల జట్టుకు హెడ్ కోచ్. ఆ జట్టు 2003లో ఎన్‌సీఏఏ ఫైనల్‌కు చేరి ఇల్లినాయ్ యూనివర్సిటీ చేతిలో ఓడింది. ఆ ఇల్లినాయ్ జట్టులో రాజీవ్ రామ్ ఉన్నారు. అదే ఏడాది కాలేజీ డబుల్స్ టైటిల్ కూడా గెలిచిన రామ్, 2021 నుంచి 2023 వరకు వరసగా మూడు యూఎస్ ఓపెన్ డబుల్స్ టైటిళ్లు సాధించారు. అక్కడ కాలేజీ కోచ్ పని చిన్నదేమీ కాదు. ఆటగాళ్లను వెతికి జట్టులోకి తేవాలి, స్కాలర్‌షిప్ డబ్బు ఎవరికి ఎంతో తేల్చాలి, ఎవరి సర్వ్ ఎవరి వాలీకి (బంతి నేలను తాకకముందే కొట్టే దెబ్బకు) కుదురుతుందో చూసి మూడు జోడీలు కట్టాలి. మ్యాచ్ నడుస్తుండగానే కోర్టు పక్కన నిలబడి సలహాలూ ఇవ్వాలి. జోడీ ఆటలో ముదిరినవాళ్లకు ఈ పని బాగా అబ్బుతుంది.

మూడోదే అన్నిటికంటే పచ్చి అబద్ధం. అమెరికా డివిజన్ వన్ (పై అంచె) కాలేజీ జట్ల పోటీలో మొత్తం 7 పాయింట్లు. 4 వచ్చిన జట్టు గెలుస్తుంది. మొదట ఆడేదే డబుల్స్: మూడు జోడీలు, ఒక్కొక్కటి ఆరు గేముల సెట్. మూడింట రెండు గెలిచిన జట్టుకు ఒక పాయింట్. ఆ తర్వాతే ఆరు సింగిల్స్. అంటే డబుల్స్ గెలిచిన జట్టుకు ఆరు సింగిల్స్‌లో మూడు చాలు, ఓడిన జట్టు నాలుగు గెలవాలి. పైగా అడ్వాంటేజ్ ఉండదు. డ్యూస్ (40-40) దగ్గర ఒకే పాయింట్‌తో గేమ్ తేలిపోతుంది. అక్కడ మొదటి సర్వ్ లోపల పడకపోతే సెట్టే చేజారవచ్చు. మన మహేశ్ భూపతి 1995లో మిసిసిపీ యూనివర్సిటీ నుంచి ఎన్‌సీఏఏ డబుల్స్ గెలిచారు. అలబామాలో కాలేజీ టెన్నిస్ ఆడిన సాకేత్ మైనేని హాంగ్‌ఝౌ ఏషియాడ్‌లో రామ్‌కుమార్‌తో కలిసి డబుల్స్ రజతం తెచ్చారు.

అలాగని సింగిల్స్ వదిలేసి డబుల్స్‌తోనే సీటు వస్తుందని మేం చెప్పడం లేదు. కోచ్‌లు ముందు సింగిల్స్ స్థాయే చూస్తారు. ఇద్దరు సమానంగా ఉన్నప్పుడు, డబుల్స్ పాయింట్ తేగలిగినవాళ్ల వైపు మొగ్గుతారు. ఐటీఎఫ్ (అంతర్జాతీయ టెన్నిస్ సమాఖ్య) జూనియర్ ర్యాంకింగ్‌లో కూడా అత్యుత్తమ ఆరు సింగిల్స్ ఫలితాలకు ఆరు డబుల్స్ ఫలితాల పాయింట్లలో నాలుగో వంతు కలుస్తుంది.

చివరిది కోర్టు టైము. ఒకటి రెండు కోర్టులే ఉన్న ఊళ్లలో నలుగురు పిల్లలు ఒకే కోర్టు మీద గంట ఆడగలిగేది డబుల్సే. సింగిల్స్ అయితే ఇద్దరు ఆడుతుంటే ఇద్దరు గట్టున కూర్చోవాలి.

ఆ గంటను ఇలా వాడండి. 36 అడుగుల వెడల్పును నిలువుగా రెండు చేయండి. ఒక్కో 18 అడుగుల పట్టీలో ఒకరు నెట్ దగ్గర, ఒకరు బేస్‌లైన్ (కోర్టు వెనక గీత) మీద. పది నిమిషాలకోసారి చోటు మారాలి. తర్వాత నలుగురూ కలిసి, రెండో సర్వ్‌తో మాత్రమే, 11 పాయింట్ల ఆటలు. సర్వ్ మధ్య గీత వైపు పడాలి. అప్పుడు రిటర్న్ (సర్వ్‌ను తిప్పికొట్టే దెబ్బ) కోణాలు తగ్గి, నెట్ దగ్గర ఉన్నవాళ్లకు ఆ బంతిని మధ్యలోనే అడ్డుకునే వీలొస్తుంది.

పిల్లలు ఎక్కువగా తప్పేది ఈ అడ్డుకోవడంలోనే. తొందరపడి ముందే కదిలితే రిటర్న్ చేసేవాళ్లు చూసి వాళ్లు వదిలిన పక్క గీత వెంట కొట్టేస్తారు. రిటర్న్ రాకెట్ ముందుకు ఊగడం మొదలైన క్షణమే కదలాలి. రెండో తప్పు, పీతలా పక్కకు జరగడం. అలా జరిగితే బంతి నెట్ కంటే కిందికి దిగాక అందుతుంది, పైకెత్తి కొట్టక తప్పదు. నెట్ నడిభాగం వైపు ఐమూలగా, ముందుకు వెళ్లాలి. అక్కడ ఎత్తు 3 అడుగులే, స్తంభాల దగ్గర మూడున్నర.

కాలేజీ కోచ్‌కు వీడియో పంపేటప్పుడు కూడా సింగిల్స్ ర్యాలీలతో సరిపెట్టకండి. కెమెరాను బేస్‌లైన్ వెనక ఎత్తులో పెట్టి, సర్వ్ తర్వాతి మొదటి వాలీ, కాళ్ల దగ్గరకు దించే రిటర్న్, నెట్ దగ్గర అడ్డుకోవడం కనిపించేలా కొన్ని డబుల్స్ పాయింట్లు మొదటి నుంచి చివరి దాకా తీయండి. ఓడిన పాయింట్లను కత్తిరించకండి.