తుపాకీ గొట్టానికి నలుగు

పెన్సిల్వేనియాలో ఉంటున్న మా తమ్ముడి కుమారుడు సరికొత్త ఉక్కు తుపాకీ గొట్టం ఒకటి తెప్పించుకుని, దానికి ఒక్క వారాంతంలో రెండున్నర శతాబ్దాల వయసు కట్టబెట్టే దీక్షలో ఉన్నాడు. పద్దెనిమిదో శతాబ్దంలో లాంకాస్టర్ ప్రాంతపు జర్మన్ వలస పనివారు చేసిన పొడవాటి రైఫిలుకు అది నకలు. (చేసింది పెన్సిల్వేనియా, పేరు దక్కింది కెంటకీకి, అది వేరే సంగతి.)

“పెదనాన్నా, మరీ మెరిసిపోతోంది, నలుగురిలోకి తీసుకువెళ్లాలంటే సిగ్గుగా ఉంది” అన్నాడు.

కనుక నలుగు మొదలైంది. ముందు ఎసిటోన్‌తో జిడ్డు వదిలించి, ఆ తరువాత సాండ్‌విచ్‌లకు రాసుకునే పచ్చటి ఆవముద్దను వేలికొసతో చుక్కలు చుక్కలుగా గొట్టమంతా అద్దాడు. అందులో ఆవాలతోపాటు వెనిగరు, ఉప్పు, పసుపు కూడా ఉంటాయి కాబట్టి మంగళద్రవ్యాలకు లోటు లేదు. మన ఇళ్లలో నలుగు పెట్టేది పెళ్లికూతురు నిగనిగలాడాలని. ఇక్కడ పెట్టేది వధువు తెల్లవారేసరికి ముత్తవ్వ కావాలని. వెనిగరు కొరికిన చోటల్లా నల్లటి మచ్చలు పడ్డాయి. అవి చాలలేదని బ్లీచు తుడిచాడు. చూస్తుండగానే ఎర్రటి తుప్పు లేచింది. వార్ధక్యం మితిమీరి మరణం కాకుండా వంటసోడా నీళ్లతో కడిగి, స్టీల్ ఊల్‌తో రుద్ది, నూనె పట్టించాడు. చివరికి, తాతల చేతులు ఎక్కడ రాసుకుని గొట్టం అరిగేదో చెప్పమని నన్నడిగాడు. ఏ తాతలు? మా తాత జన్మంతా పట్టుకున్నది నాగలి మేడి.

తుప్పును పొరలు పొరలుగా పట్టించి, బ్రష్షుతో దులిపి, ఉక్కుకు రక్షణగా నిలిపే పాత విద్య ఒకటుంది, దానికి నమస్కారం. కానీ అసలు రైఫిలు మోసినవాడు తుప్పును చూసి మురిసిపోలేదు. కాలిన తుపాకీ మందు మసి తేమను పీలుస్తుంది గనుక, పొద్దుగూకేలోగా గొట్టం కడిగి కొవ్వు రాసుకునేవాడు. అతనికి తుప్పంటే తలవంపు.

పాతదనమే కావాలా? అయితే లాంకాస్టర్ పాతదనం వినండి. 1763 డిసెంబరులో పాక్స్టన్ ప్రాంతపు తెల్ల వలసదారుల మూక ఒకటి కనెస్టోగా ఆదివాసులను ఆరుగురిని చంపింది. రక్షణకని లాంకాస్టర్ వర్క్‌హౌస్‌లో (పేదలను, చిల్లర నేరస్తులను పెట్టి పనిచేయించే చోటు) ఉంచిన మిగిలిన పద్నాలుగు మందిని, పసిపిల్లలతో సహా, 27వ తేదీన తలుపులు బద్దలుకొట్టి నరికి, కాల్చి చంపింది. ఆ ఊరి తుపాకుల తయారీదారు విలియం హెన్రీయే ఆ పెరట్లో శవాలను కళ్లారా చూశాడు. ఒక్కడికీ శిక్ష పడలేదు. ఆ కాలాన్ని ముచ్చటపడి తగిలించుకుంటారా, సిగ్గులేదా? ఆ మరకకు ఏ ఆవముద్ద పూస్తారు?

మావాడు ఇదంతా చేతులు కట్టుకుని శ్రద్ధగా విన్నాడు. కాసేపు గొట్టాన్ని వెలుతురుకేసి తిప్పి చూశాడు.

“అయితే పెదనాన్నా, మూతి దగ్గర ఇంకో పూత వేయమంటారా?”