మంగళవారం రాత్రి రూము తీసుకునేదెవరు?

ఈ మధ్య ఏ బిజినెస్ పేజీ తెరిచినా హోటల్ ఇండస్ట్రీ దుమ్ము రేపుతోందనే వార్తే కనిపిస్తోంది. అబద్ధమేమీ కాదు. తాజ్ హోటళ్ళు నడిపే ఇండియన్ హోటల్స్ కంపెనీకి కోవిడ్ ఏడాది 2020-21లో 720 కోట్ల నష్టం వచ్చింది, అదే కంపెనీ 2023-24కల్లా 1,259 కోట్ల లాభం చూపించింది. ఐటీసీ వాళ్ళయితే సిగరెట్లు, బిస్కెట్ల పక్కన ఇన్నేళ్ళూ ఒదిగి ఉన్న హోటళ్ళని విడదీసి 2025 జనవరిలో వేరే కంపెనీగా మార్కెట్లో లిస్ట్ చేశారు. అంటే ఇది సొంత కాళ్ళ మీద నిలబడే బిజినెస్ అని వాళ్ళకి నమ్మకం కుదిరిందన్నమాట. ఇదంతా చదివి కర్నూల్లోనో కడపలోనో బస్టాండ్ ఎదురుగా ఉన్న లాడ్జి ఓనర్ని కదిపి చూడండి, "యాడుంది సామీ బూమ్, వారంలో సగం రోజులు తాళాలు అట్లే బోర్డుకి వేలాడుతుంటాయి" అంటాడు. రెండూ నిజమే. ఆ రెండిటి మధ్య తేడా ఎక్కడొస్తోందో చూడకుండా సీమకి హోటళ్ళు రావాలి, టూరిజం పెరగాలి అని ఎంత మాట్లాడుకున్నా లాభం లేదు.

ముందు దేశం లెక్క చూద్దాం. బ్రాండెడ్ హోటళ్ళలో దేశం మొత్తానికి ఉన్న రూములు రెండు లక్షల దరిదాపుల్లో ఉంటాయి. అమెరికాలో లాస్ వెగాస్ అనే ఒక్క ఊర్లోనే లక్షన్నర రూములు ఉన్నాయి, మనది 140 కోట్ల జనాభా, ఇక మీరే ఆలోచించండి. కోవిడ్‌లో కొత్త కట్టడాలు ఆగిపోయాయి, అప్పులిచ్చేవాళ్ళు వెనక్కి తగ్గారు, అంతలో జనం ఇళ్ళల్లోంచి ఒక్కసారిగా బయటపడ్డారు, 2023లో జీ20 మీటింగులు, క్రికెట్ వరల్డ్ కప్, వాటికి తోడు డెస్టినేషన్ పెళ్ళిళ్ళు. అడిగేవాళ్ళు పెరిగినంతగా రూములు పెరగలేదు, దాంతో రేట్లు ఎగిరాయి. 2024లో బ్రాండెడ్ హోటళ్ళ సగటు రేటు రోజుకి ఎనిమిది వేలకి దగ్గరగా వెళ్ళింది, నిండిన రూములు మాత్రం నూటికి 63-65 దగ్గరే ఉన్నాయి. కోవిడ్‌కి ముందు కూడా నిండేవి ఇంచుమించు ఇన్నే. అంటే ఒక్కో రూము మీద ఆదాయం పెరిగింది రేటు పెరగడం వల్లే గానీ, నూటికి నిండే రూములు పెరగడం వల్ల కాదు. ఇది చాలామంది పట్టించుకోని విషయం.

ఇంకోటి, ఈ డిమాండ్ ఫారినర్లది కూడా కాదు. 2019లో మన దేశానికి కోటీ తొమ్మిది లక్షల మంది విదేశీయులు వస్తే 2024లో కూడా కోటి దాటలేదు, 99 లక్షల పైచిలుకు దగ్గర ఆగింది. నడిపిస్తున్నది మన జనమే. సర్కారు లెక్క ప్రకారం 2023లో దేశంలోపల టూరిస్టుల రాకపోకలు 250 కోట్లు. నంబర్ చూస్తే కళ్ళు తిరుగుతాయి గానీ, అందులో ఎంతమంది రాత్రి పడుకున్నారు, పడుకున్నవాళ్ళలో ఎంతమంది డబ్బులిచ్చి పడుకున్నారు అని అడిగితే అసలు కథ బయటికొస్తుంది.

మన సీమకి వచ్చేవాళ్ళని చూడండి. మంత్రాలయానికి కర్ణాటక నుంచి, మహారాష్ట్ర నుంచి జనం బస్సులు బస్సులుగా దిగుతారు, గురువారమైతే చెప్పక్కర్లేదు, శ్రావణంలో ఆరాధన అప్పుడు తుంగభద్ర ఒడ్డున నిలబడ్డానికి చోటుండదు. కడప పెద్ద దర్గా ఉరుసుకి ఊరు ఊరే కదిలొస్తుంది. మహానంది, అహోబిలం, ఒంటిమిట్ట, యాగంటి, వీటికి భక్తులు తక్కువేం కాదు. కానీ భక్తుడు ముందు అడిగేది మఠం రూము, తర్వాత కులసత్రం, అదీ కుదరకపోతే తెలిసినవాళ్ళ ఇల్లు, చివరాఖరికి లాడ్జి. ఇందులో తప్పు పట్టేదేం లేదు, కుటుంబంలో ఎనిమిది మందిని వెంటేసుకుని వచ్చిన మనిషి రూముకి నాలుగు వేలు పెట్టమంటే ఎక్కడ పెడతాడు. కాకపోతే ఆ జనాన్ని టూరిస్టుల లెక్కలో వేసి, ఆ లెక్క చూపించి, ఇక్కడ త్రీ స్టార్ హోటల్ కట్టండి అని పెట్టుబడిదారుణ్ణి పిలిస్తే మాత్రం వాణ్ణి ముంచినట్టే.

రోడ్లు బాగుపడితే హోటళ్ళు బాగుపడతాయని ఇంకో నమ్మకం ఉంది. సగమే నిజం. ఒకప్పుడు హైదరాబాద్ నుంచి బెంగళూరు పోయేవాళ్ళు కర్నూల్లోనో అనంతపురంలోనో ఆగి పడుకునేవాళ్ళు. ఇప్పుడు నలభై నాలుగో నంబర్ హైవే మీద పొద్దున బయల్దేరితే సాయంత్రానికి బెంగళూరు, మధ్యలో మనకి దక్కేది ఒక పూట భోజనం, ఒక టీ. 2023 సెప్టెంబర్ నుంచి కాచిగూడ-యశ్వంత్‌పూర్ వందే భారత్ కర్నూలు, అనంతపురం, ధర్మవరంలో ఆగుతోంది, ప్రయాణికుడికి బంగారంలాంటి బండి, కానీ హైదరాబాద్ నుంచి మందుల కంపెనీ రెప్ పొద్దునొచ్చి డాక్టర్లని కలిసి సాయంత్రం బండికి వెళ్ళిపోయే వీలు కూడా అదే ఇచ్చింది. లాడ్జివాడికి ఒక రాత్రి పోయింది. కర్నూలు దగ్గర ఓర్వకల్లు ఎయిర్‌పోర్ట్ 2021లో తెరిచినప్పుడు కూడా హోటళ్ళు పెరుగుతాయనే అన్నారు. విమానమైనా రైలైనా మనిషిని దించుతుంది, తీసుకెళ్తుంది, ఆ మనిషి రాత్రి ఇక్కడే ఉండటానికి వేరే కారణం కావాలి.

అందుకే నా వాదన అంతా మంగళవారం రాత్రి చుట్టూ తిరుగుతుంది. మంగళవారం మనకాడ ఎవరూ పెళ్ళి పెట్టుకోరు, కొత్త పని మొదలుపెట్టరు, సొమ్ము బయటికి తియ్యరు. బెంగళూరు ఐటీ పిల్లలు రారు, వాళ్ళది శుక్రవారం రాత్రి బయల్దేరే బాపతు. ఊరికే ఒక లెక్క వేసి చూద్దాం. యాభై రూముల హోటల్, శని ఆదివారాలు ఫుల్, రేటు 2,500. మిగతా ఐదు రోజులు పదిహేను రూములే నిండుతాయి, రేటు 1,500. వారానికి వచ్చేది 3,62,500. నిండిన లెక్క సరిగ్గా సగం. ఖాళీగా ఉన్నవాటితో సహా రూముకి రోజుకి పడేది వెయ్యి రూపాయల చిల్లర, ఇదే ఇండస్ట్రీ వాళ్ళు రెవ్‌పార్ అనే నంబర్, దేశంలో బ్రాండెడ్ హోటళ్ళకి ఇది ఐదు వేల దగ్గర ఉంది. ఇప్పుడు ఓనర్ ఆశపడి వీకెండ్ రేటు ఐదు వందలు పెంచి, అయినా ఫుల్ అయిందనుకుందాం, అదనంగా వచ్చేది వారానికి యాభై వేలు. అలా కాకుండా రేటు ముట్టుకోకుండా మామూలు రోజుల్లో ఇంకో పది రూములు నింపగలిగితే వచ్చేది డెబ్బై ఐదు వేలు, ఏడాదికి 39 లక్షలు. పెద్ద సిటీల్లో హోటళ్ళు బాగుపడింది మొదటి దారిలో, మన ఊళ్ళు బాగుపడాలంటే రెండో దారే, ఎందుకంటే మనకాడ రూముకి డబ్బిచ్చేది చాలావరకు కంపెనీ కాదు, మనిషి జేబు.

ఒక్కదాని మీద ఆధారపడితే ఏమవుతుందో చూడాలంటే పుట్టపర్తి వెళ్ళి చూడాలి. సత్యసాయిబాబా ఉన్న రోజుల్లో ఆ చిన్న ఊరికి సొంత ఎయిర్‌పోర్టే వచ్చింది, ప్రపంచంలో ఏ మూల నుంచో జనం వచ్చి నెలలకొద్దీ ఉండేవాళ్ళు, అందరికీ ఆశ్రమంలో చోటు చాలక లాడ్జీలు, అపార్ట్‌మెంట్లు, పిజ్జాలమ్మే కేఫులు పుట్టుకొచ్చాయి. అక్కడ మంగళవారానికీ ఆదివారానికీ తేడా ఉండేది కాదు, సీమలో అలాంటి ఊరు ఇంకోటి లేదు. 2011 ఏప్రిల్ 24న బాబా పోయారు. ఆ తర్వాత బిల్డింగులు మిగిలాయి, అప్పులు మిగిలాయి, గెస్టులు తగ్గిపోయారు. 2025 నవంబర్‌లో శతజయంతికి ప్రధానమంత్రి వచ్చారు, ఊరు మళ్ళీ కిటకిటలాడింది, ఆ కొద్ది రోజుల కలెక్షన్ చూసి ఎవరైనా కొత్త లాడ్జికి పునాది వేస్తే మాత్రం దేవుడే దిక్కు.

దానికి పూర్తిగా ఎదురు ఉదాహరణ అదే జిల్లాలో గంట దూరంలో ఉంది. పెనుకొండ దగ్గర కియా ఫ్యాక్టరీ 2019లో కార్లు బయటికి పంపడం మొదలుపెట్టింది. దాంతోపాటు కొరియావాళ్ళు దిగారు, వాళ్ళ కోసం గెస్ట్‌హౌసులు, కొరియన్ వంట చేసే హోటళ్ళు, అనంతపురంలో ఫ్లాట్ల అద్దెలు, ఉగ్గాని బజ్జీ దొరికే హైవే పక్కన కిమ్చి కూడా దొరికే రోజులొచ్చాయి. ఈ గెస్టు సోమవారం వస్తాడు, శుక్రవారం దాకా ఉంటాడు, బిల్లు కంపెనీ కడుతుంది, రేటు దగ్గర గీచి గీచి బేరమాడడు, వేడినీళ్ళు, వైఫై, శుభ్రమైన దుప్పటి, ఇవి ఉంటే చాలు. ఏ టూరిజం పాలసీ పేజీలోనూ కియా పేరు ఉండదు గానీ, ఆ ప్రాంతంలో బస వ్యాపారానికి అది చేసిన మేలు ఎన్ని ఉత్సవాలు చేసినా రాదు.

ఇక గండికోట. పెన్నా నది చీల్చుకుపోయిన ఆ లోయ అంచున నిలబడితే ఎవరికైనా నోట మాట రాదు, అందులో వాదనకి తావు లేదు. అక్కడ ఒబెరాయ్ హోటల్‌కి 2023 జూలైలో శంకుస్థాపన చేశారు, 2024 చివర్లో కేంద్రం గండికోట అభివృద్ధికి దాదాపు 78 కోట్లు శాంక్షన్ చేసింది. సంతోషం. కానీ ఇప్పుడు అక్కడ జరుగుతున్నది ఏంటంటే, బెంగళూరు పిల్లలు దాదాపు 280 కిలోమీటర్లు నడుపుకుని వచ్చి, టెంటులో పడుకుని, సూర్యోదయం ఫొటో తీసుకుని, మధ్యాహ్నానికి తిరుగు ప్రయాణం. అక్టోబర్ నుంచి ఫిబ్రవరి దాకా ఈ సందడి, మార్చి దాటితే కడప ఎండకి ఆ రాళ్ళ మీద కాలు పెట్టేవాడుండడు. ఒబెరాయ్‌కి ఇది సమస్య కాదు, వాళ్ళ గెస్టు రోజుకి పాతిక వేలైనా పెట్టి ఏసీలో కూర్చుని లోయని చూస్తాడు. జమ్మలమడుగులో ఇరవై రూముల లాడ్జివాడికే సమస్య. ఒబెరాయ్ గెస్టు ఎర్రగుంట్లలోనో ప్రొద్దుటూరులోనో రాత్రి గడపడు కదా. గండికోటతో పాటు బెలుం గుహలు, తాడిపత్రి గుళ్ళు, పుష్పగిరి కలిపి రెండు రాత్రుల రూటు తయారుచేసి, దానికి పద్ధతైన బస్సు వేస్తే మామూలు హోటళ్ళకి పని దొరుకుతుంది. సెవెన్ స్టార్ శంకుస్థాపనకి వచ్చే ఫొటో దీనికి రాదు, అందుకే ఎవరికీ ఉత్సాహం ఉండదేమో.

జీఎస్టీ సంగతి చెప్పకపోతే ఈ వ్యాసం సగంలో ఆగినట్టే. 2022 జూలై దాకా వెయ్యి రూపాయల లోపు రూముకి ట్యాక్సే లేదు, తర్వాత దానికీ 12 శాతం వేశారు. 2025 సెప్టెంబర్ 22 నుంచి 7,500 దాకా ఉన్న రూములన్నిటికీ 5 శాతం చేశారు. రెండు వేల రూముకి గెస్టు కట్టే ట్యాక్స్ 240 నుంచి 100కి తగ్గింది, చాలా మంచిది. కానీ దాంతోపాటు ఓనర్‌కి ఇన్‌పుట్ ట్యాక్స్ క్రెడిట్, అంటే తను కొన్నవాటి మీద కట్టిన ట్యాక్స్‌ని మినహాయించుకునే వీలు, తీసేశారు. ఆన్‌లైన్ బుకింగ్ యాప్‌లు కమీషన్ 15 నుంచి 25 శాతం దాకా లాగుతాయి, ఇరవై అనుకుందాం, రెండు వేల రూముకి నాలుగు వందలు, దాని మీద 18 శాతం జీఎస్టీ 72 రూపాయలు. ఇంతకుముందు ఆ 72ని తను కట్టాల్సిన ట్యాక్స్‌లో మినహాయించుకునేవాడు, ఇప్పుడు జేబులోంచి పోతుంది. కొత్త ఏసీలు, టీవీలు, లిఫ్ట్ మెయింటెనెన్స్, లాండ్రీ, అన్నిటికీ ఇదే కథ. 7,500 పైన రూములమ్మే పెద్ద హోటళ్ళకి 18 శాతం ఉంది గానీ క్రెడిట్ కూడా ఉంది. క్రెడిట్‌తో 12 కావాలా, లేకుండా 5 కావాలా అని ఎంచుకునే వీలైనా చిన్నోడికి ఇచ్చి ఉండాల్సింది, ఇవ్వలేదు. అదే రోజు నుంచి సిమెంటు మీద 28 శాతం 18కి తగ్గింది, సిమెంటు ఫ్యాక్టరీల మధ్య బతికే మనకి అది కనిపించే లాభమే, కట్టేటప్పుడు కొంత మిగులుతుంది, నడిపేటప్పుడు పోతుంది. రాష్ట్రం 2024లో టూరిజానికి ఇండస్ట్రీ స్టేటస్ ఇచ్చింది, అంటే ఫ్యాక్టరీలతో సమానంగా చూస్తామంది, ఆ స్టేటస్ ఎర్రటి ఎండాకాలంలో అనంతపురం లాడ్జి కట్టే కరెంటు బిల్లు దాకా, ట్యాంకర్ నీళ్ళ ఖర్చు దాకా దిగిందా లేదా అనేది అధికారులు చెప్పాలి.

అంతా ప్రభుత్వం మీద నెట్టేయడం కూడా కరెక్ట్ కాదు. ఆడమనిషి ఒంటరిగా వచ్చి రూము అడిగితే రిసెప్షన్లో వంద ప్రశ్నలు, ఉద్యోగం పని మీద వచ్చిందని చెప్పినా ఎగాదిగా చూడటం, ఇది మన ఊళ్ళల్లో ఇంకా పోలేదు. బ్యాంకు ఆడిటర్లు, కంపెనీ ఇంజినీర్లు, ఎగ్జామ్ డ్యూటీకొచ్చే లెక్చరర్లు, మంగళవారం రాత్రి రూము తీసుకునేది సరిగ్గా వీళ్ళే, వీళ్ళల్లో ఆడవాళ్ళు ఏటేటా పెరుగుతున్నారు. వాళ్ళని గుమ్మం దగ్గరే బెదరగొట్టి తర్వాత బిజినెస్ లేదని ఏడిస్తే ఎవరేం చేస్తారు. బాత్రూమ్ కుళాయి బాగుచేయించడానికి, బల్లి కనిపించని రూము ఇవ్వడానికి ఏ పాలసీ అవసరం లేదు.

2024 ఆగస్టులో కేంద్రం ఒప్పుకున్న పన్నెండు ఇండస్ట్రియల్ నోడ్లలో, అంటే ఫ్యాక్టరీల కోసం కొత్తగా తయారుచేసే కేంద్రాల్లో, ఓర్వకల్లు, కొప్పర్తి రెండూ మనవే. అవి కాగితం దాటి నిజంగా నిలబడితే కర్నూలుకీ కడపకీ వారం మధ్యలో గెస్టులు వస్తారు, ఆ వాసన పట్టి హోటల్ చెయిన్లు కూడా చిన్న ఊళ్ళ వైపు చూస్తున్నాయి. ఇక్కడ మనవాళ్ళు జాగ్రత్తగా ఉండాల్సింది ఒకటుంది. ఇప్పుడు చెయిన్లు సొంత డబ్బుతో బిల్డింగులు కట్టడం బాగా తగ్గించాయి, అసెట్ లైట్ అంటారు. స్థలం, కట్టడం, బ్యాంకు అప్పు అన్నీ లోకల్ ఓనర్‌వి, తాడిపత్రి గ్రానైట్ వ్యాపారిదో ప్రొద్దుటూరు బంగారం షాపాయనదో, బ్రాండ్ వాడు బోర్డు ఇచ్చి, నడిపించి, వచ్చిన ఆదాయంలో ఫీజు తీసుకుంటాడు. రూములు నిండకపోతే వాడికి ఫీజు తగ్గుతుంది, మనోడికి ఈఎంఐ తగ్గదు. ప్రెజెంటేషన్లో దేశం యావరేజ్ 65 శాతం అని చూపిస్తే తలాడించకుండా, మా సైజు ఊళ్ళల్లో మీరు నడిపే హోటళ్ళకి సోమవారం నుంచి గురువారం దాకా ఎన్ని రూములు నిండుతున్నాయో నెలవారీ లెక్క తియ్యండి అని అడగాలి. తీస్తే కూర్చుని మాట్లాడొచ్చు. నీళ్ళు నమిలితే ఆ స్థలంలో ఫంక్షన్ హాల్ కట్టుకోవడమే నయం, దానికైతే ఏడాదిలో ఎన్ని రోజులు బేరం ఉంటుందో ఉగాదికే పంచాంగంలో చూసుకోవచ్చు.