నా పాస్‌వర్డ్ పక్కింటి అంకుల్ ఎందుకు కొట్టాలి?

రాత్రి పదకొండున్నర అయింది, నా కోపం ఇంకా దిగలేదు. నాకు చూపు లేదు. పాత లాప్‌టాప్‌లో విండోస్ బదులు నడిచే కొత్త లైనక్స్ ఎక్కిద్దామని పెన్‌డ్రైవ్ పెట్టి కూర్చున్నాను. ఆల్ట్, సూపర్, ఎస్ కలిపి నొక్కగానే, తెర మీదున్నది చదివి వినిపించే ఓర్కా చక్కగా మాట్లాడింది. హమ్మయ్య అనుకుని, సిస్టమ్‌ని ఎక్కించే ప్రోగ్రామ్, అదే ఇన్‌స్టాలర్, తెరిచాను. ట్యాబ్ నొక్కితే "బటన్" అంది. మళ్లీ నొక్కితే మళ్లీ "బటన్". ఏ బటన్? వెనక్కి వెళ్లేదా, డిస్క్ మొత్తం తుడిచేసేదా?

చివరికి పక్క ఫ్లాట్ అంకుల్ తలుపు కొట్టాను. పాపం, నిద్రలోంచి లేచి వచ్చి ఒక్కో లైనూ చదివారు. డిస్కులో ఏ భాగం వాడాలో, అంటే పార్టిషన్, ఎంచుకునే దగ్గర "ఇదేదో ఎస్‌డీఏ వన్, ఎస్‌డీఏ టూ అంటోందమ్మా, ఏది నొక్కను?" అన్నారు. పిల్లల కోసం నేను చదివి రికార్డు చేసిన పాఠాలన్నీ ఆ డిస్కులోనే ఉన్నాయి. ఆయనకీ భయం, నాకూ భయం. ఎలాగో అది దాటాక పాస్‌వర్డ్ అడిగింది. కర్సర్ ఏ పెట్టెలో ఉందో నాకు తెలియదు. పాస్‌వర్డ్ పైకి చెప్పాను, ఆయన కొట్టారు. నా కంప్యూటర్‌లో నా తాళంచెవి నేను తిప్పుకోలేకపోయాను.

సాంకేతికంగా కష్టం అని ఎవరూ చెప్పకండి. డెబియన్ అనే మరో రకం లైనక్స్ ఇన్‌స్టాలర్ 2013లో వచ్చిన వీజీ వెర్షన్ నుంచే మాట్లాడుతోంది. బూట్ మెనూ రాగానే బీప్ వినిపిస్తుంది, ఎస్ నొక్కి ఎంటర్ కొడితే చాలు, ప్రతి ప్రశ్నా చదివి వినిపిస్తుంది. తెర మీది అక్షరాల్ని వేళ్లతో తడిమి చదివేలా చూపే బ్రెయిల్ డిస్‌ప్లే యూఎస్‌బీకి తగిలిస్తే దాన్నీ గుర్తుపడుతుంది. ఎక్కించడం అయ్యాక కొత్త సిస్టమ్ కూడా మాట్లాడుతూనే లేస్తుంది. ఒకళ్లు చేసి చూపించిన పని ఇది! బటన్‌కి పేరు పెట్టడానికి డబ్బు కావాలా? రంగులు మార్చి, బొమ్మలు మార్చి కొత్త ఇన్‌స్టాలర్ రాసినప్పుడు ఒక్కసారి మానిటర్ ఆపేసి నడిపి చూస్తే తెలిసిపోదా?

అడిగితే వచ్చే జవాబు ఇంకా మండిస్తుంది: "కోడ్ అందరిదీ, మీరే సరిచేయండి." మావాళ్లు చేయలేదా? విండోస్‌లో మేం వాడే, ఓర్కాలాగే చదివి వినిపించే ఎన్‌వీడీఏని 2006లో మొదలుపెట్టినవాడు చూపులేని ఆస్ట్రేలియా కుర్రాడే. కానీ ఇన్‌స్టాలర్‌ని సరిచేయాలంటే ముందు సిస్టమ్ ఎక్కాలి కదా! ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ వాళ్లు తమ నాలుగు స్వేచ్ఛల్ని సున్నా నుంచి లెక్కపెడతారు. ఆ సున్నాయే ప్రోగ్రామ్‌ని నడుపుకునే స్వేచ్ఛ. మాకు అదే దొరకనప్పుడు మిగతా మూడూ ఏం చేసుకోవాలి?

పాస్‌వర్డ్ పైకి చెప్తుంటే నాకు బ్యాంకు గుర్తొచ్చింది. మొదటి జీతం వచ్చిన నెల, ఏటీఎం కార్డు అడిగితే "ఇంట్లో ఎవరినైనా తీసుకురామ్మా, జాయింట్ ఖాతా చేద్దాం" అన్నాడు కౌంటర్‌లో మనిషి. మాకు చెక్‌బుక్, ఏటీఎం కార్డు, నెట్ బ్యాంకింగ్ అన్నీ ఇవ్వాలని రిజర్వు బ్యాంకు 2008లోనే చెప్పింది. ఆ కాగితం ప్రింటు తీయించి తీసుకెళ్లి చూపిస్తే తప్ప నా కార్డు నాకు రాలేదు. ఆరోజు నా వెనక క్యూలో ఉన్నవాళ్లంతా నా జీతమెంతో విన్నారు. ఆ సిగ్గు ఇంకా నాలోనే ఉంది. ఈ రాత్రి అది మళ్లీ పైకొచ్చింది.

అంకుల్ వెళ్లగానే పాస్‌వర్డ్ మార్చేశాను. ఆయన మీద అనుమానంతో కాదు, ఆయన బంగారం లాంటి మనిషి. అది నాకు తప్ప ఇంకెవరికీ తెలియకూడదు, అంతే.