నాన్న పోయాక ఆయన పన్ను లెక్క ఎవరిది?

తల్లిదండ్రుల ఆస్తి పిల్లలకు వస్తే దాని మీద ఆదాయపు పన్ను లేదు. పోయినవాళ్ల ఆస్తి మీద వేసే ఎస్టేట్ డ్యూటీ అనే పన్నును 1985లోనే ఎత్తేశారు. గోదావరి డెల్టాలో ఈ మాట ఎవరినడిగినా చెబుతారు. అందుకే పెద్దకర్మ కాగానే నాన్న పాన్ కార్డు బీరువాలోకి వెళ్లిపోతుంది. కానీ పన్ను లేనిది ఆస్తి చేతులు మారినందుకు మాత్రమే. ఆ ఆస్తి మీద వచ్చే ఆదాయానికి ఆ మినహాయింపు వర్తించదు. పోయినాయన బతికున్నన్నాళ్లు సంపాదించినదానికి అసలే వర్తించదు.

భీమవరం దగ్గర ఉండి అనే ఊరి వైపు ఒక పెద్దాయన ఉన్నారనుకుందాం. రెండెకరాల రొయ్యల చెరువు లీజుకిచ్చారు, భీమవరంలో బ్యాంకులో 12 లక్షలు డిపాజిట్ చేశారు. సెప్టెంబరు 30న కాలం చేశారు. 7 శాతం చొప్పున ఏడాది వడ్డీ 84 వేలు. అందులో సుమారు సగం ఆయన పేరిట వేసే ఆదాయపు పన్ను రిటర్న్‌లో చూపాలి, మిగతా సగం వారసులు ఎవరి వాటా వాళ్లు తమ రిటర్న్‌లో చూపాలి. బ్యాంకుకు కబురు చేయకుండా ఏటీఎం కార్డు వాడుకుంటూ కూర్చుంటే మొత్తం వడ్డీ ఆయన పాన్ మీదే ఎక్కుతుంది. అంటే ఆదాయపు పన్ను శాఖ లెక్కల్లో ఆయన పోయాక కూడా సంపాదిస్తూనే ఉంటారు.

అసలు తంటా చెరువు దగ్గర. వరి చేను మీద వచ్చే కౌలు వ్యవసాయ ఆదాయం, దానికి కేంద్రం పన్ను వేయదు. కోనసీమ కొబ్బరి తోటదీ అదే కథ. కానీ చేను తవ్వి చెరువు చేశాక వచ్చే లీజు డబ్బు వ్యవసాయ ఆదాయం కిందకు రాదు, పాసుపుస్తకంలో ఇంకా పల్లం అనే ఉన్నా సరే. తండ్రికి వేరే పెద్ద ఆదాయం లేదు కాబట్టి లీజు కలిపినా పన్ను పరిమితి దాటలేదు, ఎవరూ అడగలేదు. అదే లీజు హైదరాబాద్‌లో ఉద్యోగం చేసే కొడుకు చేతికొస్తే అతని జీతం మీద కూడుతుంది. 30 శాతం శ్లాబులో ఉంటే లక్షకు 30 వేలు, పైన సెస్సు. ‘నాన్న ఎప్పుడూ కట్టలేదే’ అంటే ఆడిటర్ నవ్వి ఊరుకుంటాడు.

ఇక తండ్రి పేరిట కట్టాల్సిన పాత పన్ను ఏమైనా ఉంటే వారసులే కట్టాలి. టెన్షన్ పడక్కర్లేదు, వాళ్లకు సంక్రమించిన ఆస్తి విలువ దాకానే ఆ బాధ్యత. బ్యాంకు ముందే పట్టుకునే పన్ను, అంటే టీడీఎస్, ఎక్కువ కోసి ఉంటే రీఫండ్ కూడా వస్తుంది, రిటర్న్ వేస్తేనే. దానికి వారసుడిగా ఆదాయపు పన్ను శాఖ పోర్టల్‌లో నమోదు కావాలి. ఇక్కడ నాకు ప్రభుత్వం మీద కోపం. ఊళ్లో మరణాన్ని 21 రోజుల్లో నమోదు చేయమంటారు, పాన్‌ను ఆధార్‌తో లింక్ చేయించారు. అంతా చేసి, మళ్లీ మరణ ధ్రువపత్రం, తహసీల్దారు ఇచ్చే కుటుంబ సభ్యుల ధ్రువపత్రం అప్‌లోడ్ చేసి ఆమోదం కోసం చూడమంటారు. తమ దగ్గర ఉన్న కబురే మన చేత మళ్లీ చెప్పించడం దేనికి?

ఆఖరి రోజుల ఆసుపత్రి ఖర్చు సంగతీ అంతే. అరవై దాటి, ఆరోగ్య బీమా లేని తల్లిదండ్రుల వైద్యానికి పిల్లలు పెట్టిన ఖర్చులో 50 వేల దాకా మినహాయింపు ఉంది. అయితే ఆదాయపు పన్నులో పాత విధానం ఎంచుకోవాలి, నగదుగా కట్టింది చెల్లదు. కాకినాడలోనో రాజమండ్రిలోనో అర్ధరాత్రి కౌంటర్ దగ్గర నోట్లు లెక్కపెట్టి కట్టిన కొడుక్కి ఆ మినహాయింపు పోయినట్టే. ఈ షరతు పట్నం వాళ్లను చూసి రాసిందే.

ఇంకో చిక్కు ఇంటి లోపలే ఉంది. మన రాష్ట్రం 1985 నుంచే ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లకు సమాన హక్కు ఇచ్చింది, తండ్రి స్వార్జితం వీలునామా లేకుండా మిగిలితే అందులో కూతురూ వారసురాలే. అయినా ‘కట్నం ఇచ్చేశాంగా’ అని లీజంతా అన్నయ్యే తీసుకుంటాడు. నామినీగా అతని పేరుంది కదా అంటారు. నామినీ డబ్బు తీసుకోవడానికే, సొంతదారు కాదు. చెల్లెలు తన వాటా వదులుకుంటూ రిజిస్టర్డ్ పత్రం రాయనంతవరకు చెరువులో ఆమె భాగం ఆమెదే, దాని మీద పన్ను నోటీసు వస్తే అదీ ఆమె పేరు మీదే రావొచ్చు.