డ్రాలో మనోడున్నాడా?

గ్రాండ్‌స్లామ్ టోర్నీకి డ్రా ఎందుకు తీస్తారన్న విషయంలో టెన్నిస్ తెలిసినవాళ్లకు ఒక అపోహ ఉంది. 128 మంది ఆటగాళ్లు, అందులో ర్యాంకుల్లో పైన ఉన్న 32 మంది సీడ్లు, అర్హత పోటీలు నెగ్గి వచ్చిన 16 మంది క్వాలిఫయర్లు, నిర్వాహకులు నేరుగా చోటిచ్చే 8 వైల్డ్‌కార్డులు, మొదటి సీడ్ పైన, రెండో సీడ్ అడుగున, మిగతావాళ్లు అదృష్టం ఎటు తోస్తే అటు. ఇదంతా తొలి రౌండ్‌లో ఎవరు ఎవరితో ఆడాలో తేల్చడానికని పాపం వాళ్లు నమ్ముతారు. కానే కాదు. ఆ జాబితా మా కుటుంబ వాట్సాప్ గ్రూపు కోసం తయారవుతుంది.

డ్రా వచ్చిన పావుగంటలో నెల్లూరులో మా బాబాయి కళ్లజోడు నుదుటి మీంచి ముక్కు మీదికి దించుతాడు. శుభలేఖ అందగానే పెళ్లికొడుకు పేరు వదిలేసి, కింద 'బంధుమిత్రుల అభినందనలతో' అన్నచోట తన పేరు పడిందో లేదో చూసుకునే మనిషి. అదే శ్రద్ధతో 128 పేర్లూ వడపోస్తాడు. చివర్లో ఒక 'రెడ్డి', ఒక 'రావు', కనీసం ఒక 'నేని' తగలాలి. ఇటలీ ఆటగాడు ఫ్లావియో కోబొల్లి పేరు చూసి "కోబొల్లి వాళ్లంటే ప్రకాశం జిల్లావాళ్లలా ఉన్నారే" అని ఒకసారి ఆశపడ్డాడు కూడా. ఏమీ తగలకపోతే గ్రూపులో ఒక్క వాక్యం పడుతుంది: "మనోడెవడూ లేడా?" కింద ఏడుపు బొమ్మ. అంతటితో ఆ ఏడాదికి ఆ టోర్నీ రద్దయినట్టే.

ఈ 'మనోడు' అనే పదం మీద విశ్వవిద్యాలయాలు ఇంతవరకూ పరిశోధన చేయించకపోవడం అన్యాయం. నాకు అర్థమైనంతవరకు మనోడు కావడానికి మన దేశం తరఫున ఆడాల్సిన పన్లేదు. మన భాష రావాలనీ లేదు. మన ఊళ్లో ఒక్క రోజు పడుకుని లేవాలనీ లేదు. పేరు మాత్రం మనది కావాలి, ఊరు మాత్రం మనది కాకూడదు. ఆ రెండోదే అసలు నిబంధన, దాని సంగతి తర్వాత చెబుతాను.

2025 ఆస్ట్రేలియన్ ఓపెన్ సంగతే చూడండి. అంతకుముందు ఏడాది నుంచి అది ఆదివారమే మొదలవుతోంది. జనవరి 12న తొలిరోజు మెల్‌బోర్న్‌లో ఉరుములతో వాన దంచి, బయటి కోర్టుల్లో ఆట గంటల తరబడి ఆగింది. ఆ రోజే మన దేశం నుంచి సింగిల్స్‌లో ఉన్న ఒకే ఒక్కడు సుమిత్ నాగల్, చెక్ ఆటగాడు తోమస్ మచాక్ చేతిలో 3-6, 1-6, 5-7తో ఓడిపోయాడు. గ్రూపులో ఎవరూ కిక్కురుమనలేదు. నేనే ఉండబట్టలేక "నాగల్ ఓడిపోయాడు" అని పెడితే, "ఎవరు?" అని ఒకరు, "పాపం, ఏ ఆస్పత్రి?" అని ఇంకొకరు.

ఎవరంటే, 2023 సెప్టెంబరులో తన బ్యాంకు ఖాతాలో మిగిలింది 900 యూరోలేనని, అంటే సుమారు 80 వేల రూపాయలేనని చెప్పుకున్నవాడు. అప్పటికి దేశంలో నంబర్ వన్ ఆటగాడు. ఆ తర్వాత నాలుగు నెలలకు అదే మెల్‌బోర్న్‌లో 31వ సీడ్ బుబ్లిక్‌ను తొలి రౌండ్‌లో ఓడించాడు. 1989లో రమేశ్ కృష్ణన్ తర్వాత గ్రాండ్‌స్లామ్ సింగిల్స్‌లో ఒక సీడ్‌ను పడగొట్టిన మొదటి భారతీయుడు. అయితే ఊరు హరియాణాలో ఝజ్జర్. పేరు చివర పనికొచ్చేది ఏమీ లేదు. కనుక మనోడు కాడు.

మర్నాడు సోమవారం. భోగి. తెల్లారకముందే మంటలేసి, తలంట్లు పోసుకుని, అరిసెల మీద అరిసెలు తిని, మధ్యాహ్నానికి బాబాయి ఇంట్లో టీవీ ముందు పదకొండు మందిమి చేరాం. ఆ పదకొండు మందిలో టెన్నిస్ రాకెట్ పట్టుకున్నవాళ్లు సున్నా. దోమల బ్యాటును కూడా లెక్కేస్తే అందరం సీనియర్ ఆటగాళ్లమే.

కోర్టులో నిశేష్ బసవారెడ్డి. పందొమ్మిదేళ్లు. పుట్టింది కాలిఫోర్నియాలో, పెరిగింది ఇండియానాలో, స్టాన్‌ఫర్డ్‌లో చదువుతూ కాలేజీ టెన్నిస్ ఆడి, నెల కిందే ప్రొఫెషనల్ అయ్యాడు. 2022లో యూఎస్ ఓపెన్ జూనియర్ డబుల్స్ టైటిల్ గెలిచిన కుర్రాడు. అమెరికాలో పోటీపడి సంపాదించుకున్న వైల్డ్‌కార్డుతో వచ్చాడు, ఎవరి సిఫారసూ లేదు. వాళ్ల అమ్మానాన్నలు 1999లో నెల్లూరు నుంచి వెళ్లారు. అవతల జొకోవిచ్. 37 ఏళ్లు, 24 గ్రాండ్‌స్లామ్‌లు, అందులో పది ఇక్కడివే. కోచ్‌ల బాక్సులో, నిన్నమొన్నటిదాకా ఎదురుగా నిలబడి కొట్టిన ఆండీ ముర్రే.

ముందే చెప్పేస్తున్నాను, ఆ పిల్లాడి మీద నాకు ఈగంత కోపం కూడా లేదు. అద్భుతంగా ఆడాడు. మొదటి సెట్ 6-4తో లాగేసుకున్నాడు. నా గొడవంతా టీవీకి ఇవతల ఉన్న పదకొండు మందితోనే.

సెట్ అయిపోగానే ఇంట్లో సంబరం. బాబాయి ఒకేసారి రెండు ఫోన్లలో మాట్లాడుతున్నాడు. "ఏందబ్బయ్యా, ఆ జొకోవిచ్ అంత పెద్దమనిషి గదా, చిన్నపిల్లోడని చూసీచూడనట్టు పోవచ్చు గదా" అంటున్నాడు, ఆస్తి పంపకాల్లో మధ్యవర్తిలాగా. ఈలోగా సోఫాలో అసలు పోటీ మొదలైంది. బసవారెడ్డి ఇంటిపేరా, తాత పేరా? ఇంటిపేరైతే కోవూరు వైపు వాళ్లని ఒక మామయ్య. కాదు బుచ్చిరెడ్డిపాళెం అని పెదనాన్న. అల్లూరు అని అత్తయ్య, ఆమెకు అసలు ఆధారాలతో పనిలేదు. రెండో సెట్ సగమయ్యేసరికి మూడు మండలాలు రంగంలోకి దిగాయి. కులసంఘం గ్రూపులో అప్పటికే గులాబీ దండ వేసిన ఫొటో తిరుగుతోంది. ఆడుతున్నవాడికి దండేమిటని అడగబోయి ఊరుకున్నాను. మధ్యలో నేను "ఇప్పుడు సర్వీసు ఎవరిది?" అంటే, "మా తోడల్లుడిది, ఇంకా రెండేళ్లుంది" అని జవాబొచ్చింది.

తెర మీద అనవసర తప్పిదాల లెక్క పడింది. "తప్పిదాల్లో అవసరమైనవి కూడా ఉంటాయంటరా?" అని బాబాయి అడిగాడు. వంటింట్లోంచి పిన్ని, "ఉంటే ఇంటికి తెచ్చుకోండి, గారెల పిండి రుబ్బేవాళ్లు లేరు" అంది. రెండో సెట్ జొకోవిచ్‌ది, 6-3.

మూడో సెట్ చివరికొచ్చేసరికి కుర్రాడి నడకలో తేడా వచ్చింది. కాళ్లు పట్టేస్తున్నట్టున్నాయి. బాబాయి లేచి నిలబడ్డాడు. "దిష్టి" అన్నాడు. ఆ మాట అన్న తీరు చూస్తే పెద్దాసుపత్రిలో పెద్ద డాక్టరు స్కానింగ్ రిపోర్టు పట్టుకుని అన్నట్టే ఉంది. సాయంత్రం మనవరాలికి పొయ్యడానికని పిన్ని పళ్లెంలో భోగిపళ్లు సిద్ధంచేసి పెట్టింది. రేగిపళ్లు, చెరకు ముక్కలు, చామంతి రేకులు, రూపాయి బిళ్లలు. బాబాయి దోసిలి నిండా తీసుకున్నాడు. 55 అంగుళాల టీవీ చుట్టూ చేతులు తిప్పాడు. కుడి నుంచి ఎడమకు మూడుసార్లు, ఎడమ నుంచి కుడికి మూడుసార్లు. గోడకు బిగించిన టీవీ కనుక చుట్టూ తిప్పడం కుదరక, వెనకవైపు వచ్చేసరికి చేతులు గోడకు రాసుకుంటున్నాయి. ఆ తర్వాత మొత్తం టీవీ నెత్తిన పోశాడు.

రేగిపళ్లు సెట్‌టాప్ బాక్సు మీద టపటపా రాలాయి. ఒకటి దొర్లుకుంటూ స్టెబిలైజర్ వెనక్కి పోయింది, అది ఇప్పటికీ అక్కడే ఎండి ఉందని పిన్ని అంటుంది. ఒక రూపాయి బిళ్ల టీవీకీ గోడకూ మధ్య ఇరుక్కుంది. "నా పళ్లు" అని నాలుగేళ్ల మనవరాలు శోకం అందుకుంది. స్కోరు కనిపించే మూల మీద ఒక చామంతి రేకు అతుక్కుంది. దాన్ని తీయడానికి ఎవరికీ చేతులు రాలేదు, దిష్టి తీసిన వస్తువు ముట్టకూడదట. అలా కాసేపు స్కోరు తెలీకుండానే ఆట చూశాం. మాలో సగం మందికి ఆ లోటు తెలియనే లేదు.

ఇదంతా అయ్యాక మా అత్తయ్య మెల్లిగా ఒక సందేహం బయటపెట్టింది. దిష్టి తీస్తున్నంతసేపూ తెర మీద ఉన్నది జొకోవిచ్ మొహమట.

4-6, 6-3, 6-4, 6-2. కెరీర్‌లో ఎన్నో ట్రోఫీలు గెలిచిన ఆ మహానుభావుడికి, ఆ రోజు తనను నెల్లూరు రేగిపళ్లు కాపాడాయని ఎవరైనా కబురు చేస్తే బాగుండు.

ఓడాక ఓదార్పు కోసం డబ్బు లెక్క మొదలైంది. తొలి రౌండ్‌లో ఓడితే 1,32,000 ఆస్ట్రేలియా డాలర్లు, మన లెక్కలో దగ్గర దగ్గర 70 లక్షలు అని చెప్పాను. "ఓడితేనా?" అన్నారు పదకొండు మందీ ఒకే గొంతుతో. ఒక్క క్షణం అందరి కళ్లూ మూలన కూర్చున్న ఎనిమిదో తరగతి పిల్లాడి మీదికి మళ్లాయి. హాస్టల్ నుంచి సంక్రాంతికి మూడు రోజుల సెలవు మీద వచ్చాడు. వాడు మొదటి సెట్ నుంచీ కళ్లార్పకుండా చూస్తున్నాడు. ఆ గదిలో నిజంగా ఆట చూసింది వాడొక్కడే. ఫోర్‌హ్యాండ్ ఎలా తిప్పాలో చెయ్యి గాల్లో ఊపి చూసుకుంటున్నాడు. వాళ్ల నాన్న వాణ్ని చూశాడు. చూసి, "ఆట అయిపోయిందిగా, ఇక ఆ ఫిజిక్స్ మెటీరియల్ తియ్యి" అన్నాడు.

బాబాయి వాళ్ల కాలనీలో టెన్నిస్ కోర్టు ఉంది మరి. ప్లాట్లు అమ్మేటప్పుడు బ్రోషర్‌లో పచ్చగా వేశారు. ఇప్పుడు అందులో రెండు కార్లు, వినాయక మండపం కర్రలు, నెట్ కట్టాల్సిన స్తంభాలకు బట్టలారేసే తాడు. బేస్‌లైన్ పొడవునా ఎండుమిర్చి. అక్కడ ఆ పిల్లాడు గోడకు బంతి కొడితే అద్దాలు పగులుతాయని సంఘం కార్యదర్శి కేకలేస్తాడు. ఆ కార్యదర్శే ఆ రోజు గ్రూపులో 'నెల్లూరు బిడ్డ ప్రపంచ వేదికపై' అని మూడు జెండాలు పెట్టాడు. మూడూ మనవే. కుర్రాడు ఆడింది అమెరికా తరఫున.

పుట్టిందెక్కడ, జెండా ఏది అన్నది పట్టింపు కాదంటారా? సంతోషం. అయితే 2005కి వెళ్దాం. ఇదే మెల్‌బోర్న్, ఇలాగే వైల్డ్‌కార్డు మీద వచ్చిన 18 ఏళ్ల అమ్మాయి. మూడో రౌండ్ దాకా వెళ్లి, ఆ ఏడాది టైటిల్ కొట్టిన సెరెనా విలియమ్స్ చేతిలో ఓడింది. హైదరాబాద్‌లో పెరిగింది, హైదరాబాద్‌లో ఆట నేర్చుకుంది, ఆడినన్నాళ్లూ ఇండియాకే ఆడింది. మీరు ఆమెకు చేసిన మొదటి సన్మానం ఆమె స్కర్టు పొడవు కొలవడం. 2014 జులైలో తెలంగాణ ప్రభుత్వం సానియా మీర్జాను బ్రాండ్ అంబాసిడర్‌గా పెట్టుకుంటే, 'పాకిస్థాన్ కోడలు' అన్నాడొక నాయకుడు. మహారాష్ట్రలో పుట్టి తర్వాత వచ్చింది కాబట్టి స్థానికురాలు కూడా కాదన్నాడు. ఆమె టీవీలో కన్నీళ్లు పెట్టుకుంది. కాలిఫోర్నియాలో పుట్టినవాడికి మండలం పేరుతో సహా అడ్రసు వెతికిపెట్టే జనం, ముంబయిలో పుట్టి మన వీధుల్లో పెరిగిన పిల్లను నీది ఏ ఊరని అడిగారు. సిగ్గు లేదా? ఆ తర్వాత రెండు నెలలకే ఆమె యూఎస్ ఓపెన్ మిక్స్‌డ్ డబుల్స్ గెలిచి, ఆ కప్పును తెలంగాణకే అంకితమిచ్చింది. నేనైతే ఇచ్చేదాన్ని కాదని మా పిన్ని అంటుంది. నేనూ ఇచ్చేవాణ్ని కాదు. మొత్తం ఆరు గ్రాండ్‌స్లామ్ టైటిళ్లు. ఆమె ఇంటిపేరు ఏ మండలంలోనూ ఎవరూ వెతకలేదు.

సాకేత్ మైనేని మన ఆంధ్రుడే, 2016లో క్వాలిఫయింగ్ మ్యాచ్‌లు నెగ్గి యూఎస్ ఓపెన్ మెయిన్ డ్రాలో చేరాడు. తొలి రౌండ్‌లో ఐదో సెట్ దాకా పోరాడి, కాళ్లు పట్టేసి ఓడాడు. ఇంటిపేరులో 'నేని' కూడా ఉంది. ఆ రోజు ఎవరింట్లోనూ ఒక్క రేగిపండు రాలలేదు.

2025 ఏప్రిల్. పుణెలో మహిళల జట్లు ఆడే బిల్లీ జీన్ కింగ్ కప్ ఆసియా ఓషియానియా పోటీలు జరిగాయి. భమిడిపాటి శ్రీవల్లి రష్మిక ఆడిన ఐదు సింగిల్స్ మ్యాచ్‌లూ గెలిచింది. ఇండియా ప్లేఆఫ్స్‌కు వెళ్లింది. నేను ఆనందం పట్టలేక బాబాయికి ఫోన్ చేశాను. ఓపిగ్గా మొత్తం విన్నాడు. ఇంటిపేరు రెండుసార్లు చెప్పించుకున్నాడు. గొంతులో హుషారు వచ్చింది.

"మనమ్మాయేనన్నమాట! ఏ ఊరబ్బయ్యా?"

"హైదరాబాద్ బాబాయ్."

"అది గాదురా. అమెరికాలో ఏ ఊరు?"