తన్నితే తెలిసిపోతుంది

శ్రీశైలం బయల్దేరిన మా బావమరిది దారిలో మా ఇంటి ముందు కారు ఆపి, దిగి, ముందు చక్రాన్ని కుడికాలితో ఒక్క తన్ను తన్నాడు. రెండు క్షణాలు తల పక్కకి వాల్చి విన్నాడు. నాడి పట్టుకున్న ఆయుర్వేద వైద్యుడి ముఖం పెట్టి, "ఇంకో పదివేల కిలోమీటర్లు లాగుతుంది బావగారూ" అని తేల్చేశాడు.

ఈ విద్య ఏ బడిలో నేర్పుతారో గానీ మన మగాళ్ళందరికీ వచ్చు. సెకండ్‌హ్యాండ్ కారు కొనేవాడు ముందు టైరు తన్నుతాడు, తర్వాతే రేటు అడుగుతాడు. కాస్త సున్నిత మనస్కులైతే తన్నరు, మామిడిపండు ముగ్గిందో లేదో చూసినట్టు బొటనవేలితో నొక్కుతారు. గాలి ఒత్తిడి 33 పీఎస్ఐ ఉండాల్సిన టైరులో 25 ఉన్నా కాలికి ఒకేలా తగులుతుందన్న చిన్న లోపం తప్పిస్తే, ఈ పరీక్షకు వంక పెట్టలేం.

గాలి చూసే మీటరు కొన్ని వందలకే దొరుకుతుందనీ, పొద్దున్నే బండి కదలకముందు, టైర్లు చల్లగా ఉండగా చూడాలనీ, ఎంత ఉండాలో డ్రైవరు డోరు తీస్తే పక్కన స్టిక్కరు మీదే ఉంటుందనీ చెప్పాను.

"ఆ స్టిక్కరా? అది కంపెనీ వాళ్ళు అంటించింది బావగారూ."

కారు మరి ఎవరు చేశారో!

ఇక లాభం లేదని లుంగీ ఎగ్గట్టి నేనే చక్రం ముందు గొంతుక్కూర్చున్నాను. తిరుమలలో తలనీలాలు ఇచ్చి వచ్చినంత నున్నగా ఉంది టైరు. గాడిలో అక్కడక్కడా అడ్డంగా చిన్న గట్టు ఉంటుంది. టైరు అరిగి ఆ గట్టుతో సమానమైతే మిగిలింది 1.6 మిల్లీమీటర్లు. అంటే దాని నూకలు చెల్లినట్టే. ఇక్కడ గట్టు కూడా సగం అరిగింది. పక్కన 2417 అని కనిపించింది. మోడల్ నంబరు అనుకున్నాడట ఇన్నేళ్ళూ. 2017లో 24వ వారం తయారైందని దానర్థం. అప్పటికి వీడికి పెళ్ళే కాలేదు, ఇప్పుడు కూతురు ఎక్కాలు చెబుతోంది. వెనక టైరు పక్కన నిమ్మకాయంత ఉబ్బు. లోపలి దారాలు తెగితే అలా ఉబ్బుతుంది, దానికి రిపేరు లేదు.

నిమ్మకాయ అనగానే వాడికి గుర్తొచ్చింది. "పొద్దున్నే గుళ్ళో నాలుగు చక్రాల కిందా పెట్టి తొక్కించాను బావగారూ, టెన్షన్ పడకండి."

సీట్ కవర్లు మాత్రం కొత్తవి. లెదర్. స్టెప్నీ సంగతి నేను అడగలేదు, వాడు చెప్పలేదు.

ఇలాగే వెళ్ళి ఏదైనా అయితే మర్నాడు పేపర్లో ఏమని రాస్తారు? "టైరు పేలి కారు బోల్తా." ఎప్పుడు చూసినా టైరే ముద్దాయి. గాలి తక్కువైన టైరు ఎండలో, స్పీడులో నలిగి నలిగి వేడెక్కి చస్తుందని తెలిసీ నెలల తరబడి గాలి కొట్టించనివాడు మాత్రం పాపం విధివంచితుడు! వెనక సీట్లో పిల్లని ఒళ్ళో పడుకోబెట్టుకున్న వీడి భార్యకి టైరు గుండైపోయిందని ఎవడైనా చెప్పాడా? సీట్ కవర్ రంగు అడిగావు కదరా ఆవిణ్ణి, ఇదెందుకు అడగలేదు? నల్లమల ఘాట్‌లో మలుపు తిరిగేటప్పుడు రోడ్డుని పట్టుకునేది నీ లెదరా, నీ నిమ్మకాయా?

తాళాలు లాక్కున్నాను. మా ఆవిడ రెండు పూటలు నాతో మాట్లాడలేదు, తమ్ముడి పరువు వీధిలో తీశానట.

మర్నాడు నాలుగు కొత్త టైర్లు వేయించుకొచ్చాడు. దిగి, ఒక్కొక్కదాన్నీ తన్ని, పెదవి విరిచాడు.

"పాతవాటి సౌండు రావట్లేదు బావగారూ."